బటర్ టార్ట్ పెట్టినవాళ్ళంతా మావాళ్ళే

నాకు రాజకీయాలు తెలియవని మా ఆయన ఎప్పుడూ అంటూంటారు. ఆయనకి తెలుసు మరి. ఇక్కడ సోఫాలో పడుకుని, సముద్రాలకవతల మన అసెంబ్లీలో ఎవరు ఎవర్ని ఏమన్నారో ఫోనులో పొద్దుటా సాయంత్రం చూస్తారు. మేం ఓటేసే నియోజకవర్గం పేరు అడిగితే మాత్రం కాస్త ఆగమని చెప్పి గూగుల్ చేస్తారు.

మేముండేది లండన్‌కి ముప్పావుగంట దూరంలో. ఇంగ్లండులోది కాదు, అంటారియోలోది. మా అత్తగారివైపు చుట్టాల్లో కొందరికి ఆ తేడా మేమింకా విడమరిచి చెప్పలేదు, చెప్పే తొందరా లేదు. ఊరి చుట్టూ మొక్కజొన్న, సోయా, పాడి ఆవులు. ఊళ్ళో ఒక ఐస్ హాకీ అరీనా, ఐదు చర్చిలు, రెండు కాఫీ దుకాణాలు, ఒక చిన్న ఆసుపత్రి. ఆ ఆసుపత్రి ఎమర్జెన్సీలో నేను నర్సుని. తెలుగువాళ్ళం మొత్తం మీద మేమొక్క కుటుంబమే కాబట్టి ఊళ్ళో తెలుగు సంఘానికి అధ్యక్షురాలినీ, ప్రతిపక్షాన్నీ నేనే.

రెండేళ్ళ కిందట ఒక శుక్రవారం మా మేనేజరు నా చేతిలో ఒక కాగితం, టేపు పెట్టి తలుపుకి అంటించమన్నాడు. సిబ్బంది కొరత వల్ల శని, ఆదివారాల్లో ఎమర్జెన్సీ మూసి ఉంటుందని దాని సారాంశం. నర్సులు లేరన్న కాగితాన్ని నర్సు చేతే అంటించడం చూశారా, ఆ పొదుపు ఎవరికీ రాదు. దారినపోయేవాళ్ళు ఆగి కాగితం చదివి, నా యూనిఫారం వైపు చూసి, మళ్ళీ కాగితం చదివేవారు.

అప్పుడు మా ప్రాంతపు శాసనసభ సభ్యురాలు, ఒకప్పుడు పాడి నడిపిన మనిషి, తన పికప్ ట్రక్కులో వచ్చి మా కారిడార్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంది. పై ఆఫీసువాళ్ళు ఫోను ఎత్తేదాకా లేవలేదు. సభలో అడిగింది, బయట అడిగింది, పత్రికల్లో అడిగింది. నాలుగు నెలలకి నేనే ఆ కాగితం పీకేశాను. టేపు అంటిన జిగురు మచ్చలు మాత్రం అద్దం మీద ఉండిపోయాయి.

ఆవిడ అంతకుముందు గెలిచింది చావుతప్పి కన్నులొట్టపోయినట్టు. ఆ మెజారిటీ ఓటర్లంతా రెండు స్కూల్ బస్సుల్లో సరిపోతారు. ఇప్పుడు మళ్ళీ ఎన్నికలొచ్చాయి, అదీ నడి చలికాలంలో. ఎదుటి అభ్యర్థి నవ్వుముఖం యువకుడు. చిన్న ఆసుపత్రుల సేవలన్నీ ఒకచోటికి చేర్చి మెరుగుపరుస్తానని చెబుతున్నాడు. ఆ ఒకచోటు ఏదో మాకందరికీ తెలుసు. లండన్. ఈవిడ ఓడితే కాగితం మళ్ళీ తలుపెక్కుతుంది. అందులో నాకు ఏ సందేహమూ లేదు. అందుకే జీవితంలో మొదటిసారి ఎన్నికల పనికి వలంటీరుగా పేరిచ్చాను.

మనవాళ్ళ సాయం కూడా అడిగాను. లండన్‌లో మేం వెళ్ళే తెలుగు చర్చి వాట్సాప్ గ్రూపులో, వీకెండ్ ఇంటింటికీ తిరగడానికి మనుషులు కావాలని పెట్టాను. అరగంటలో నలభై దాకా దండాల బొమ్మలు వచ్చాయి. "ప్రేయర్‌లో పెడతాం సిస్టర్" అన్నారు. నిజంగానే పెట్టి ఉంటారు, కాదనను. ఎటోబికోలో ఉండే దూరపు చుట్టం అంకుల్ ఒకాయన మాత్రం స్వయంగా ఫోన్ చేశారు. ఎన్నికల్లో ఆయన అనుభవం పెద్దది.

"అమ్మా, మీ దగ్గర ఏ కులం ఓట్లు ఎక్కువ?"

"కులాలు కాదంకుల్. పాడి రైతులు, మొక్కజొన్న రైతులు."

"సరే, ఆ మొక్కజొన్నవాళ్ళకి పెద్ద ఎవరు? ఆయన్ని పట్టుకోండి, గంపగుత్తగా పడిపోతాయ్."

వాటర్లూ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ జంట నిజంగానే వచ్చారు. మంచులో గుచ్చిన ప్రచార బోర్డు పక్కన అటునుంచి రెండు, ఇటునుంచి రెండు ఫోటోలు దిగారు. "ప్రజాస్వామ్య పరిరక్షణలో మేము సైతం" అని పోస్టు పెట్టి, చెవులు గడ్డకడుతున్నాయని పదకొండింటికల్లా వెళ్ళిపోయారు. ఆ పోస్టుకొచ్చిన లైకుల్లో సగం మాకు ఓట్లయి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

ప్రచార ఆఫీసు మెయిన్ స్ట్రీట్‌లో మూతపడ్డ చెప్పుల దుకాణం. నడిపించేది డెబ్బై దాటిన ఒక రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్. మమ్మల్ని చిన్నపిల్లల కుర్చీల్లో కూర్చోబెట్టి పని నేర్పింది. ప్రతి ఇంటికీ ఒక నంబరు వెయ్యాలి. మనకే ఖాయంగా వేసేవాళ్ళకి ఒకటి, మొగ్గు ఉన్నవాళ్ళకి రెండు, తేల్చుకోనివాళ్ళకి మూడు, అటు మొగ్గేవాళ్ళకి నాలుగు, చస్తే మనకి వెయ్యనివాళ్ళకి ఐదు. పోలింగ్ రోజున ఒకట్లనీ రెండ్లనీ మాత్రమే ఫోన్ చేసి కదిలించాలి, కారు లేనివాళ్ళని మనమే తీసుకెళ్ళాలి.

"లోపలికి వెళ్ళద్దు. కూర్చోవద్దు. తినద్దు. ఎవరికి ఓటేస్తారో సూటిగా అడగండి, నంబరు వెయ్యండి, కదలండి. ఒక్కో తలుపుకి ఒక్క నిమిషం" అంది.

ఒక నిమిషమట. నేను నవ్వుకున్నాను. ఈవిడకి ఇళ్ళు తిరగడం ఎవరు నేర్పారు పాపం అనుకున్నాను.

ఎందుకంటే నాకు అది పుట్టుకతో వచ్చిన విద్య. కోస్తాలో మా ఊరి చర్చిలో మా అమ్మ స్త్రీల మైత్రి సంఘానికి కార్యదర్శి. ప్రతి శనివారం దర్శనాలకి, అంటే ఇంటింటికీ వెళ్ళి పలకరించడానికి, వెళ్ళేవారు, నేను వెనకాల బైబిలు సంచీ మోసేదాన్ని. దర్శనానికి ఒక పద్ధతి ఉంది. వందనాలు చెప్పాలి. కూర్చోమనే దాకా నిలబడాలి, లేవమనే దాకా కూర్చోవాలి. మోకాళ్ళ నొప్పులు, కోడలి సంగతులు, గేదె ఈనిందో లేదో అన్నీ వినాలి. పెట్టింది తినాలి. వచ్చిన అసలు పని గురించి మాత్రం ఎత్తకూడదు. వచ్చే ఆదివారం ఆరాధనకి వస్తారా అని మొహం మీద అడిగితే మర్యాద తెలియని మనిషని అర్థం. కూర్చోబెట్టి తినడానికేదైనా పెట్టారంటే వస్తారనే లెక్క, వచ్చేవారు కూడా. గుమ్మంలో నిలబెట్టి మాట్లాడారంటే ఇక ఆ ఇంటి ఆశ వదులుకోవడమే. మా అమ్మ ఈ లెక్కలో ఎన్నడూ తప్పలేదు. ఆ లెక్కే నేను అంటారియో మంచులోకి తీసుకొచ్చాను.

మనం జీతం అడుగుతాం. పెళ్ళై ఏడాదైంది ఇంకా ఏమీ లేదా అని అడుగుతాం. ఇల్లు ఎంతకి కొన్నావని గృహప్రవేశం నాడే అడుగుతాం. అవన్నీ ఆప్యాయత. కానీ మంచులో తలుపు కొడితే, అయ్యో తల్లీ లోపలికి రా అని వేడి కాఫీ ఇచ్చిన ముసలావిణ్ణి, ఇంతకీ మీ ఓటెవరికి అని నిలదీయడానికి నాకు నోరు రాలేదు. అవసరమూ కనబడలేదు. నా పద్ధతి నాకుంది. లోపలికి రానిస్తే రెండు. కాఫీ ఇస్తే ఒకటి. బటర్ టార్ట్ పెడితే ఒకటి వేసి చుట్టూ సున్నా చుట్టేదాన్ని.

బటర్ టార్ట్ అంటే మన కజ్జికాయకి మూత పెట్టడం మర్చిపోయినట్టుంటుంది. లోపల వెన్న, పంచదార పాకం. ఈ పల్లెల్లో అది చెయ్యని ఇల్లు లేదు. ఎర్ర కొట్టం పక్కన ఒంటరిగా ఉండే ఎనభై ఏళ్ళ ఆవిడ నాకు మూడు పెట్టింది. మనవల ఫోటోలు చూపించింది, నా పిల్లల పేర్లు రెండుసార్లు పలికి నేర్చుకుంది. వెళ్తుంటే ఒక డబ్బా నిండా కట్టి ఇచ్చింది. మా అభ్యర్థి పేరు చెబితే "ఓ, చాలా మంచి మనిషి" అంది. ఇక అడగడానికేముంది? ఒకటి వేసి రెండు సున్నాలు చుట్టాను.

ఆ రోడ్డు చివర ఇల్లు మాత్రం తేడా. తలుపు జానెడు తెరుచుకుంది. టోపీ పెట్టుకున్న ముసలి రైతు ఒకాయన మొహం బయటపెట్టాడు. నేను వందనంలాంటి చిరునవ్వుతో మా అభ్యర్థి పేరు ఎత్తానో లేదో, "చలి! చలి! తలుపులో నిలబడి కబుర్లేంటి? వెళ్ళు, వెళ్ళు!" అని అరిచి ధడాలున వేసేశాడు. లోపల ఎవరో ఆగకుండా దగ్గుతున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ చలిలో ఎవరికోసం తిరుగుతున్నట్టు? కారులోకి వచ్చి కూర్చుని, పెన్ను ఒత్తిపెట్టి ఐదు వేశాను. కాగితం చిరిగింది.

నాలుగు వారాలు తిరిగాను. నా షీట్లు చూసి హెడ్‌మిస్ట్రెస్ కళ్ళు పెద్దవి చేసింది. ఇన్నేళ్ళలో ఇన్ని ఒకట్లు తెచ్చిన వలంటీరు లేదంది. నిమిషం రూలు నేను పాటించలేదని తెలిసినా, ఫలితాలు చూసి ఊరుకుంది. మా అమ్మ స్త్రీల మైత్రి కెనడా రాజకీయాలకి పాఠం చెబుతోందని నేను గర్వంగా మా ఆయనతో అన్నాను. ఆయన డబ్బాలోంచి మరో టార్ట్ తీసుకుంటూ, "మీ పార్టీ సిద్ధాంతాలు బాగున్నాయోయ్" అన్నారు.

పోలింగ్ రోజు ముందు రోజంతా మంచు పడింది. నా ఒకట్లని నేనే తీసుకెళ్తానని పట్టుబట్టాను. ఎర్ర కొట్టం ఆవిడ్నీ, ఆవిడ స్నేహితురాళ్ళిద్దర్నీ రెండో ట్రిప్పులో ఎక్కించుకున్నాను. అందరూ నా సున్నాల ఒకట్లే. సీటు హీటర్లు వేశాను, పోలింగ్ జరిగే అరీనా గుమ్మం దాకా చెయ్యి పట్టి నడిపించాను. తిరిగొస్తుంటే ఎర్ర కొట్టం ఆవిడ నా భుజం తట్టింది.

"నువ్వెంత మంచిదానివో మాలో మేం అనుకుంటున్నాం. మీ పార్టీ వేరైనా మమ్మల్ని తీసుకొచ్చావు. వాళ్ళవాళ్ళు ఒక్కరైనా రాలేదు చూడు."

"వాళ్ళవాళ్ళు అంటే?" అన్నాను.

"అదే, ఆ అబ్బాయివాళ్ళు. మా నాన్నగారి కాలం నుంచీ మా ఇంట్లో ఆ పార్టీయే. వాళ్ళమ్మ నాకు తెలుసు, పిల్లాడు బంగారం." వెనక సీట్లో ఇద్దరూ అవునవునన్నారు.

మొదటి ట్రిప్పులో ఎక్కించుకున్న దంపతులు దిగుతూ "అంతా శుభమే జరుగుతుందిలే" అని జాలిగా చెప్పడం అప్పుడు అర్థమైంది. వాళ్ళకి మర్యాద తెలుసు కాబట్టి నాకు కాఫీ ఇచ్చారు. శత్రువు వచ్చినా ఇస్తారు, కుక్క తరుముకొచ్చి గుమ్మంలో పడ్డ ఉడతకైనా ఇస్తారు. దాన్ని నేను ఓటు కింద రాసుకున్నాను. ఇందులో మోసం చేసినవాళ్ళెవరూ లేరు. అడగని ప్రశ్నకి వాళ్ళెందుకు జవాబు చెబుతారు?

మూడో ట్రిప్పుకి ముందైనా అడగాల్సింది. గుమ్మం దగ్గర చేతికర్ర పట్టుకుని, కోటు బొత్తాలన్నీ పెట్టుకుని, నాకోసం ఎదురుచూస్తున్న పెద్దాయన్ని, మీరు మావాళ్ళా కాదా చెప్పి ఎక్కండి అనగలనా? ఎక్కించుకున్నాను. ఆయనకీ సీటు హీటర్ వేశాను.

ఆయన్ని దింపి వస్తుంటే ఆ రోడ్డు చివర, ఇంటి నంబరున్న పచ్చ పలక పక్కన, నేను ఐదు వేసిన ముసలాయన నిలబడి ఉన్నాడు. మందపాటి కోటు, అదే టోపీ. నా కారు చూసి చెయ్యెత్తాడు. ఈ రోజు కూడా నాలుగు తిట్టడానికే కాచుకున్నాడనుకున్నాను. అప్పటికే మనసు చేదుగా ఉంది, తిట్లు తినే ఓపిక లేదు. మర్యాద తప్పకూడదు కదా, నవ్వుతూ చెయ్యి ఊపి ముందుకు పోనిచ్చాను. అద్దంలో చూస్తే ఆయన చెయ్యి ఇంకా పైనే ఉంది.

మా అభ్యర్థి ఓడిపోయింది. ఎంత తేడాతో అంటే, ఒక్క స్కూల్ బస్సు. అందులోనూ వెనక సీట్లు కొన్ని ఖాళీ. నా కారు వల్లే ఓడిందని నేనను, నా కారు అంత పెద్దది కాదు. కానీ నా ఒకట్ల మీద ఫోన్లు చేసిన పదిమంది వలంటీర్లున్నారు, వాళ్ళు పొద్దుటి నుంచి బతిమాలి కదిలించినవాళ్ళున్నారు. ఆ బస్సులో ఎన్ని సీట్లు నేను నింపానో నాకు తెలియదు. హెడ్‌మిస్ట్రెస్ అందర్నీ కౌగిలించుకుంటూ నా దగ్గరికొచ్చి, నీవల్లే ఇంత దగ్గరిదాకా వచ్చాం అంది. నేను నోరు విప్పలేదు. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా విప్పలేదు. అది కూడా మర్యాదే అనుకోండి.

ఎటోబికో అంకుల్ ఫోన్ చేసి, "మొక్కజొన్నవాళ్ళు హ్యాండిచ్చారామ్మా?" అని అడిగారు. అవునంకుల్ అన్నాను.

మంచు కరిగి, పొలాల్లో ట్రాక్టర్లు దిగాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం మేనేజరు కాగితం, టేపు తెచ్చాడు. కాగితంలో భాష మెరుగుపడింది. సిబ్బంది కొరత అన్నమాట తీసేసి, సేవల ఏకీకరణ అని వేశారు. అంటించాను. ఆ వారంలోనే కిరాణా దుకాణంలో ఎర్ర కొట్టం ఆవిడ కనబడి నా చేతులు పట్టుకుంది. "వీకెండ్ మూసేస్తున్నారటగా, ఎంత ఘోరం! ఎవరైనా ఏదైనా చెయ్యాలి" అంది. నిజమేనండీ అన్నాను. రేపు టార్ట్‌లు చేస్తాను, వచ్చి పట్టుకెళ్ళమంది.

మరో రెండు వారాలకి, శనివారం పదకొండింటప్పుడు, స్టాఫ్ ఫ్రిజ్‌లో మర్చిపోయిన గోంగూర పచ్చడి డబ్బా కోసం ఆసుపత్రికి వెళ్ళాను. ఎమర్జెన్సీ తలుపు ముందు ఒక పికప్ ఆగి ఉంది, ఇంజను నడుస్తోంది. టోపీ పెట్టుకున్న ముసలాయన తలుపు మీద కాగితం చదువుతున్నాడు. పెదవులు కదుపుతూ మళ్ళీ మొదటినుంచీ చదువుతున్నాడు. ట్రక్కులో ఆయన భార్య ముందుకు వంగి, రెండు చేతులూ డ్యాష్‌బోర్డుకి ఆనించి, ఊపిరి కోసం కొట్టుకుంటోంది. పెదవులు నీలంగా ఉన్నాయి.

ఆవిడ బతికింది. ముందే చెప్పేస్తున్నాను, మీరు కంగారు పడక్కర్లేదు. ఆ రోజు నాకలా ముందే చెప్పినవాళ్ళెవరూ లేరు.

అంబులెన్సుకి ఫోన్ చేశాను. పక్క ఊరి నుంచి రావాలి, ఇరవై నిమిషాలన్నారు. వెనక తలుపులోంచి పరిగెత్తి, వార్డు నర్సుని బతిమాలి చిన్న ఆక్సిజన్ సిలిండర్ తెచ్చాను. రూల్సు ప్రకారం తప్పు, కావలిస్తే రాసుకోండి. ట్రక్కులోకి ఎక్కి ఆవిడకి మాస్కు పెట్టి, వీపు నిమురుతూ పక్కనే కూర్చున్నాను. ఆయన స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. కాసేపటికి నావైపు తిరిగాడు.

"నువ్వు ఆ ఎలక్షన్ మనిషివి కదూ."

"అవును."

"ఆ రోజు ట్రక్కు స్టార్ట్ కాలేదు. మీ ఆఫీసు ఫోను ఎంతకీ దొరకలేదు. నీ కారు అటూ ఇటూ తిరుగుతుంటే, ఆపుతావని రోడ్డు మీదికొచ్చి నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను."

"మీరు... ఆ మొదటిసారి నన్ను తిట్టి తలుపేశారు కదా" అన్నాను. నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినబడింది.

"తలుపు తీసి ఉంచితే ఆ గాలికి ఈవిడకి ఊపిరాడదు. అందుకు వేశాను." ఆయన గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండేది. "ఏడాదిలో నాలుగుసార్లు ఇక్కడికి తెచ్చుకునేవాణ్ణి. మా రెండు ఓట్లూ ఎవరికి వేస్తామనుకున్నావు? అడిగావా?"

"లేదు" అన్నాను. "అడగలేదు."

ఆవిడ మాస్కులోంచి నన్ను చూసి, నా చెయ్యి ఒకసారి నొక్కింది. ఎందుకు నొక్కిందో తెలియదు. అడగలేదు.

అంబులెన్సు వచ్చింది. ఆవిణ్ణి ఎక్కించారు. లండన్ దారిలో దాని వెనకే ఆయన పికప్ వెళ్ళిపోయింది. నేను పచ్చడి డబ్బా సంగతి మర్చిపోయి తలుపు దగ్గర నిలబడ్డాను. ఆయన పీకబోయాడు కాబోలు, కాగితం ఒక అంచున నలిగి ఉంది. ఊడిరాలేదు. అంటించిన శుక్రవారం నేను నాలుగు మూలలా రెండేసి వరసలు టేపు వేశాను.